తాడు పట్టిన వాళ్ళ లైసెన్సు

మా అయ్య అబద్ధం చెప్పాడని ముందుగా పసిగట్టింది మనిషి కాదు, మేం తయారుచేసిన యంత్రం. ఒక్క పొద్దుటిపూటలో మూడు వందల పన్నెండు సార్లు మాకు చెప్పింది. మేం వినలేదు. వినొద్దని దానికి రాసిపెట్టింది నేనే.

ఆ యంత్రం పేరు చెవి. నోరు తిరగని సంస్కృతం పేరు ఏదైనా పెట్టమని మా ఆఫీసులో చాలామంది సలహా ఇచ్చారు కానీ, చేసే పని వినడమైతే చెవి అనక మరేమంటారు? కొబ్బరికాయంత రాగిగుండు అది. దాన్ని పడవ పక్కనుంచి తాడుతో పది బారల లోతుకు దించుతాం. ఎక్కడో భూమధ్యరేఖ అవతల తుఫాను లేస్తే, దాని పొంగు మన ఒడ్డుకు రావడానికి రోజులు పడుతుంది. దాని మూలుగు మాత్రం ముందే వచ్చేస్తుంది, మనిషి చెవికి అందనంత మంద్రంగా, సముద్రపు అడుగును పట్టుకుని. మా రాగిగుండు ఆ మూలుగు విని, పొంగు ఎక్కడ ఎంత ఎత్తున లేస్తుందో ఐదారు గంటల ముందు చెప్పేస్తుంది.

తుఫానుకు మా వాళ్ళు భయపడరు. తుఫాను చెప్పి వస్తుంది, రేడియోలో వస్తుంది, ఆకాశంలో కనబడుతుంది. ఆకు కదలని రోజున, ఎండ కాస్తుండగా లేచే దొంగ పొంగు ఉందే, దానికి భయపడతారు. మా తాత, మా చిన్నాన్న ఇద్దరూ అలాంటి రోజునే పోయారు. నేను ఖరగ్‌పూర్ దాకా వెళ్ళి శబ్దశాస్త్రం చదివింది అందుకే. తెడ్డు కాసులమ్మ అనే పేరు విని అక్కడ నవ్వినవాళ్ళున్నారు. తెడ్డు మా ఇంటిపేరు, కాసులమ్మ మా నాయనమ్మ పేరు. రెండింటిలో ఏదీ మార్చుకోలేదు.

చెవికి ఒక చిక్కుంది. ఆ మూలుగు బురద మీద ఒకలా, ఇసక మీద ఒకలా, రాయి మీద ఒకలా పలుకుతుంది. కింద ఏముందో తెలియకపోతే విన్నదాన్ని అర్థం చేసుకోలేదు. ప్రభుత్వ పటాల్లో ఆ వివరం మైళ్ళ లెక్కన ఉంటుంది. మాకు బారల లెక్కన కావాలి. అది మా దిబ్బలపేట ముసలివాళ్ళ బుర్రల్లో తప్ప ఇంకెక్కడా లేదు. పడవ మీంచి చూస్తే భీమిలి లైట్‌హౌసు బావికొండ నొక్కులోకి వచ్చి, ఉత్తరాన తాటితోపు కొస దిబ్బ వెనక్కి పోయిందంటే కింద పార ఉన్నట్టు. పార అంటే నీటి అడుగున ఉండే రాతిదిబ్బ, చేపలు కాపురముండే చోటు. ఇలాంటి కొండగురుతులు ఒక్కొక్కరికి ఇరవై ముప్ఫై ఉంటాయి. నలభై ఒక్కమంది పెద్దల ఇళ్ళకు తిరిగి, ఒక ఏడాది కూర్చుని, అన్నీ రాసుకున్నాను. మా అయ్య, పేరు గురువులు, ఇరవై మూడు చెప్పాడు.

అన్నీ రాసుకున్నాక ప్రోగ్రాములో ఒక నియమం పెట్టాను. పెద్దల మాటకూ చెవి విన్నదానికీ తేడా వస్తే, పెద్దల మాటే ఖాయం. సెమినార్లలో మా వాళ్ళ జ్ఞానాన్ని అంచనాలని, నమ్మకాలని కొట్టిపారేస్తుంటే విని విని ఉన్నాను. అందుకని ఆ వాక్యం రాస్తున్నప్పుడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. నా చదువు మొత్తంలో నేను చేసిన పెద్ద తప్పు అదే.

ఏప్రిల్ మొదటివారంలో మా తమ్ముడు ఎర్రాజీ, ఇంకో ముగ్గురు ఫైబర్ బోటు మీద చెవిని పరీక్షకు తీసుకెళ్ళారు. ఎక్కడ ఆగాలో మేం పటం మీద గుడ్డిగా వేలు పెట్టి ఎంచాం. ఆ చోట కిందంతా బురదేనని మా అయ్య చెప్పి ఉన్నాడు. ఆ పరీక్ష అక్కడని ఆయనకు తెలియదు, వేరే బోటు మీద వేటకు వెళ్ళాడు. చెవి దక్షిణపు మూలుగు విన్నది. కింద రాయి ఉందని మూడు వందల పన్నెండు సార్లు విన్నది. రాయి కాదు బురద అని మా నియమం దాని నోరు నొక్కింది. బురద మీద పొంగు విరగదు కాబట్టి, భయం లేదని తెర మీద పచ్చదీపం వెలిగింది.

పదకొండు గంటలకు అక్కడ నీళ్ళు ఇల్లంత ఎత్తున లేచాయి. బోటు తిరగబడింది. నలుగురూ బతికారు. ఎర్రాజీ ఎడమచెయ్యి ఇంజనుకూ బోటు అంచుకూ మధ్య పడి నలిగింది. రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది.

ఆసుపత్రి వరండాలో అయ్య బల్ల మీద కూర్చోకుండా గోడవార నేల మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన చతికిలబడ్డాను. యంత్రం ఎక్కడ పొరబడిందో చూస్తున్నామని చెప్పాను. ఆయన నా మొహం చూడకుండా అన్నాడు.

"మిసను పొరపడ్లేదమ్మీ. బురదని సెప్పింది నాను. అది బురద కాదు, పార."

నాకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది. ఎందుకు చెప్పావని అడిగాను. అడిగినవాడికి పార గురుతు ఉన్నదున్నట్టు చెప్పే జాలరి ఎవడుంటాడన్నాడు. తన తండ్రి తనకే రెండేళ్ళపాటు తప్పు గురుతు చెప్పి, తను ఒంటరిగా వెతుక్కుని కనిపెట్టాక అప్పుడు ఒప్పుకున్నాడట. కొడుక్కయినా సముద్రం మానేసే రోజునే చెబుతారట. అందుకే ఎర్రాజీకీ తెలియదు. నేను అడిగిన రోజున కూతురు అడిగిందనే అనుకున్నాడు గానీ, ఆ మాట మీద కొడుకు బోటు ఆగుతుందని ఆయన ఊహించలేదు.

మిగతా ఇరవై రెండు గురుతుల సంగతేమిటని అడిగాను. చేత్తో నేల మీద ఇసక లేకపోయినా ఉన్నట్టు రాస్తూ కూర్చున్నాడు. "నానొక్కణ్ణేనేటి," అన్నాడు చివరికి. "ఆ నలబై మందినీ అడుగు."

అడిగాను. ఆ ఏడాదంతా నాకు ఒక్కరూ నిజం చెప్పలేదని తేలింది. ఒకరు కొండను పక్కకు జరిపారు, ఒకరు తాటితోపును మార్చారు, ఒకాయన మాత్రం చాలా మర్యాదగా, అడగని పారల గురించి అసలు నోరెత్తలేదంతే. ఏడాదిపాటు నేను గీసిన పటం, నలభై ఒక్కమంది కలిసి చెప్పిన నలభై ఒక్క రకాల అబద్ధం. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సంతకం పెట్టించుకోవడం మాత్రం మర్చిపోలేదు నేను, ప్రతి అబద్ధం కిందా వేలిముద్రో సంతకమో ఉంది.

సరిగ్గా అప్పుడే, మూడు నెలలుగా నానుతున్న లైసెన్సు గొడవ మా నెత్తిన పడింది.

హార్బరు పక్కన ఐసు ఫ్యాక్టరీ మేడ మీద మా ఆఫీసు. తొమ్మిది మందిమి. దాన్ని నాతోపాటు మొదలుపెట్టినవాడు దివాకర్. అనకాపల్లి బెల్లం మార్కెట్లో పుట్టి పెరిగినవాడు, ఎదుటివాడి కళ్ళు చూసి బేరం చెప్పగలడు. ముంబై నుంచి ఒక పెద్ద కంపెనీ మాకు పెట్టుబడి పెడతానంది. ఓడరేవులకూ, సముద్రపు అడుగంటా వల ఈడ్చే పెద్ద మరబోట్లకూ పరికరాలు అమ్మే కంపెనీ అది. వాళ్ళ మనిషి శుక్లా మంచివాడే, ఎర్రాజీని చూడడానికి పళ్ళు పట్టుకుని ఆసుపత్రికి కూడా వచ్చాడు. వాళ్ళ షరతల్లా లైసెన్సు గురించే. శుక్రవారం లోపల తేల్చమన్నారు.

లైసెన్సంటే, మేం రాసిన ప్రోగ్రామును ఎవరు ఏ కట్టుబాటుతో వాడుకోవచ్చో చెప్పే కాగితం. పూర్తిగా తాళం వేసి, కొన్నవాళ్ళకే ఇవ్వొచ్చు. అలా చేస్తే పక్క ఊరి పేటకు కూడా అందదు, నేను చదివిన చదువుకు అర్థం ఉండదు. లేదా తలుపులు బార్లా తీసి, ఎవరైనా పట్టుకెళ్ళి, మార్చుకుని, వాళ్ళ ఇంట్లో తాళం వేసుకోవచ్చు అనొచ్చు. కంపెనీ అడిగింది ఇదే. వినే భాగాన్ని అలా వదిలేస్తే, దాని మీద వాళ్ళు తమ సొంత సరుకు కట్టుకుని అమ్ముకుంటారు. మాకు పని, జీతాలు, పేరు. వాళ్ళు ఇంకొకటి కూడా అడిగారు. పటం కూడా ప్రోగ్రాముతోపాటే రావాలి, అది కూడా అదే లైసెన్సు కింద.

దివాకర్ సంతకం పెట్టేద్దామన్నాడు. ఊళ్ళో అందరికీ ఉచితంగా వస్తుంది, మన పేరు ఉంటుంది, ఇంతకంటే ఏం కావాలన్నాడు. నాకూ అలాగే అనిపించింది. ముందు పటం నిజంది కావాలి కదా, ఆ పని చూద్దామని బుధవారం పొద్దున్న పేటలో చేపల వేలం షెడ్డు దగ్గర పెద్దల్ని కూర్చోబెట్టాను.

లైసెన్సు కాగితం తెలుగులోకి చెబుతూ చదివాను. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. సగంలో ఉండగా మా అయ్య చెయ్యెత్తాడు. మరబోట్లవాళ్ళకు వెళుతుందా అని అడిగాడు. వెళుతుందన్నాను. పారలతో సహానా అన్నాడు. పటం కూడా అదే కాగితం కింద ఉంటే, వెళుతుంది. అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ షెడ్డులో నిజం మాట్లాడింది ఆ పూటకు నేనొక్కదాన్నే.

అయ్య లేచి నిలబడ్డాడు. ఆయన సభల్లో లేచి మాట్లాడే మనిషి కాదు.

"మరబోటోడు ఒక్కపాలి గొలుసు ఈడ్సినాడంటే పార పోద్ది. మల్లీ మన మనవల కాలానికి కూడా రాదు. అందుకే సెప్పినామమ్మీ అబద్దాలు. ఇన్నాళ్ళూ మా అబద్దమే మాకు లైసెన్సు. ఇప్పుడు నిజం సెప్పమంతన్నావు. నా కొడుకు సేతి ఏళ్ళు పోనాయి, సెప్తాను. కానీ నా అబద్దం సేసిన పని నీ కాయితం సేస్తాదా?"

చెయ్యదు. ఆ కాగితం నా చేతిలో ఉంది, అది ఆ పని చెయ్యదని నాకు తెలుసు. చదువుకున్నదాన్నయ్యుండీ కాగితం మడత పెట్టుకుని బయటికి వచ్చేశాను. నాకు సిగ్గేసింది, ఆయన అడిగినందుకు మాత్రం లోపల ఎక్కడో పొంగిపోయాను. మూడు నెలలు నేను, దివాకర్, ఇద్దరు లాయర్లు కూర్చున్నాం. ఆ ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు.

బయట ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. చిన్నప్పటినుంచి చూస్తున్నదే. వలను పడవ మీద సముద్రంలో అర్ధచంద్రంలా చుట్టి వస్తారు, రెండు తాళ్ళ కొసలు ఒడ్డుకు వస్తాయి. తర్వాత లాగడం పేటంతటి పని. మా పేటలో దానికో కట్టుబాటుంది. వల సంచి ఇసక మీదికి రాకముందు తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా ఉంది. ఆడా మగా, ముసలీ ముతకా, మా పేటవాడా కాదా అని చూడరు. ఒకసారి పొద్దుటి నడకకు వచ్చిన బ్యాంకు ఆఫీసరు సరదాకి తాడు పట్టాడు. ఆయన వద్దంటున్నా వినకుండా జేబురుమాలులో కవళ్ళ చేపలు పోసి పంపారు. తాడు పట్టనివాడు కొనుక్కోవాలి. వలకు ప్రత్యేకంగా ఒక వాటా, దాని బాగుచేతకు. తాడు లాగాను కదా అని వలలో ముక్క కోసుకుని ఇంటికి పట్టుకుపోయే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

చెప్పులు విడిచి నేనూ వెళ్ళి తాడు పట్టాను. నా ముందు ఎర్రాజీ ఉన్నాడు. కట్టు ఉన్న చెయ్యి మెడలో వేలాడుతోంది, కుడిచేత్తో లాగుతున్నాడు. ఆ తాడు మీద అరగంటలో నా లైసెన్సు నాకు దొరికింది.

ఇలాంటివి లోకంలో లేవని కాదు. తీసుకుని మార్చుకో, మార్చింది మళ్ళీ అందరికీ ఇవ్వు అనే లైసెన్సులు నేను పుట్టకముందే ఉన్నాయి. కాలేజీలో వాటిని చదివాను, పరాయి కాగితాల్లా అనిపించి పక్కన పెట్టాను. ఇప్పుడు మళ్ళీ చదివితే ప్రతి వాక్యం మా ఒడ్డున ఎవరో అంటున్నట్టు వినబడింది.

గురువారం దివాకర్ ముందు పెట్టాను. చెవి వినే ప్రోగ్రాము అందరిదీ. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చి బయటికి ఇచ్చినవాడు ఆ మార్పును ఇదే షరతు మీద అందరికీ తిరిగి ఇవ్వాలి, రాసినవాళ్ళ పేర్లు చెరపకూడదు. అది తాడు పట్టడం. తిరిగి ఇవ్వడం ఇష్టం లేనివాడు మా దగ్గర వేరే లైసెన్సు కొనుక్కోవాలి, ఆ డబ్బు యంత్రాల బాగుచేతకు. అది వల వాటా. ఇక పార గురుతులు ప్రోగ్రాములో ఉండవు. ఏ పేట గురుతులు ఆ పేట పెట్టెలో, ఆ పేట తాళం కింద. చెవి ఆ పెట్టెను కింద రాయా బురదా అని అడిగి తెలుసుకుంటుంది, అంతకుమించి ఏదీ బయటికి పోదు.

దివాకర్ మొత్తం విని, పరవాలేదు, కష్టమే కానీ అమ్మొచ్చు అన్నాడు. అప్పుడు చివరిది చెప్పాను. కర్తలుగా మా తొమ్మిదిమంది పేర్లతోపాటు నలభై ఒక్కమంది పెద్దల పేర్లు ఉంటాయి. వేరే లైసెన్సు ఎవరికైనా అమ్మాలంటే వాళ్ళ ఒప్పుదల కూడా కావాలి.

"వాళ్ళు ఒక్క వరస కోడ్ రాయలేదు కాసూ," అన్నాడు దివాకర్.

"రాయి మీద మూలుగు ఎలా ఉంటుందో, బురద మీద ఎలా ఉంటుందో చెవికి నేర్పింది ఎవరు? మనం తాడు కొసన ఉన్నాం. వాళ్ళు మనకంటే ముందు పట్టుకున్నారు."

పెట్టుబడిదారు ఎవడూ ఈ కాగితం చూడడని అన్నాడు. చూడకపోతే పోనీ అన్నాను. నాకు కోపమెక్కువ. దివాకర్ ఐసు ఫ్యాక్టరీ మెట్లు ఊగేలా దిగి వెళ్ళిపోయాడు. శుక్రవారం శుక్లాకు ఫోను చేసి కాదని చెప్పాను. ఆయన బాధపడ్డాడు, నిజంగానే. నెల తిరిగేసరికి తొమ్మిదిమందిలో ఐదుగురు వేరే ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పు పట్టను, వాళ్ళకు ఇళ్ళున్నాయి. ఆఫీసు ఖాళీ చేసి రాగిగుండ్లు, కంప్యూటర్లు మా పేట వలల షెడ్డులోకి మార్చాం. సామాను ఎక్కించే వ్యాను పక్కన దివాకర్ నిలబడి ఉన్నాడు. ఎందుకొచ్చావన్నాను. "బెల్లం అమ్మినవాణ్ణి, కాగితం అమ్మలేనా," అన్నాడు. "అమ్మలేకపోతే అప్పుడు తిట్టు." కంప్యూటరు పెట్టె ఎత్తుకున్నాడు. వాడి గురించి అప్పటిదాకా అనుకున్నవన్నీ మనసులోనే వెనక్కి తీసుకున్నాను.

కొత్త లైసెన్సును వేలం షెడ్డులో చదివిన రోజున ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకాయన మాత్రం, మరబోట్లవాళ్ళు కూడా ఈ చెవిని పెట్టుకోవచ్చా అని అడిగాడు. పెట్టుకోవచ్చన్నాను, ఈ లైసెన్సు ఎవర్నీ కాదనదు. షెడ్డులో గుసగుస లేచింది. మా అయ్యే సర్దాడు. ఆ బోట్ల మీద ఉన్నవాళ్ళూ కూలికొచ్చిన మనుషులే, పొంగు వాళ్ళనీ మింగుతుంది, విననివ్వమన్నాడు. పారలు కావాలంటే మనం వెతుక్కున్నట్టే వెతుక్కోమను అన్నాడు.

తర్వాత నిజాలు చెప్పడం మొదలైంది. అది చూసి తీరాల్సిన ముచ్చట. ఒకడి ఎదుట ఒకడు చెప్పడు. షెడ్డు వెనక గదిలో నేను కూర్చుంటే, రేషను షాపు దగ్గరలా బయట వరసకట్టారు. లోపలికి వచ్చి, తలుపు వేసి, వంగి, నా చెవిలో చెప్పారు. కొందరు తలుపు సందులో ఎవరైనా ఉన్నారేమోనని చూసి వచ్చి మళ్ళీ వంగారు. డెబ్భై ఏళ్ళ ఆయన ఒకడు, తన పార పేరు చెప్పి, పెళ్ళాం పేరు చెప్పినవాడిలా సిగ్గుపడ్డాడు. పది రోజులు పట్టింది. పాత నియమాన్ని తీసేశాను. పెద్దల మాటకూ చెవి విన్నదానికీ తేడా వస్తే ఇద్దర్నీ మళ్ళీ అడగాలని రాశాను.

అయ్య ఆఖరున వచ్చాడు. ఇరవై మూడూ దిద్దాడు. పొంగు లేచిన చోటు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. దాని కింద పారకు ఒక పేరుందని, ఆ పేరు తను పెట్టిందేనని చెప్పాడు. కాసులమ్మ పార. తల్లి పోయిన ఏడు దొరికింది, ఆ మరుసటేడు నేను పుట్టాను. ఇద్దరికీ ఒకే పేరు పెట్టి, ఒకదాన్ని బడికి పంపి, ఇంకోదాన్ని ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు. నేను ఆ పేరు రాసుకున్నాను.

మళ్ళీ పరీక్ష. బోటు ఎక్కేది ఎవరన్న ప్రశ్న వచ్చేలోపే ఎర్రాజీ రాగిగుండును భుజాన వేసుకుని నడిచాడు. నేను వద్దన్నాను, మరదలు వద్దంది. "ఎనిమిది సేతి ఏళ్ళకీ పని సెప్పు అప్పా, రెండిటి గురించి ఏడవకు," అన్నాడు నాతో. అక్కడికే వెళ్ళాడు, కాసులమ్మ పార మీదికే.

మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు పొద్దున్న ఏడింటికి ఎర్రదీపం వెలిగింది. ఆకాశంలో మబ్బుతునక లేదు, సముద్రం నూనె పోసినట్టుంది. పేటలో వేటకు వెళ్ళిన యాభై ఎనిమిది బోట్లకూ కబురు వెళ్ళింది. ఇంత మంచి వేట రోజున వెనక్కి రమ్మంటే ఎవరొస్తారు? వచ్చారు. నా మాట మీద కాదు, చెవి మాట మీద కూడా కాదు. ఆ చెవిలో తాము చెప్పిన నిజం ఉందని ప్రతివాడికీ తెలుసు కాబట్టి వచ్చారు. పన్నెండున్నరకు ఒడ్డు మీద నిలబడి మేమంతా చూశాం. ఎండలో, గాలి లేకుండా, దూరాన నీళ్ళు గోడలా లేచి పడ్డాయి. ఒక్క బోటు లేదు అక్కడ, ఎర్రాజీది కూడా. ఆడవాళ్ళు మొగుళ్ళనీ కొడుకుల్నీ వేళ్ళతో లెక్కపెట్టుకుంటున్నారు. మా అయ్య మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి అలాగే ఉంచేశాడు. పీహెచ్‌డీ పట్టా చేతిలో పెట్టిన రోజున కూడా నాకు అంత గర్వం కలగలేదు.

వారం తర్వాత చెవిని లోకానికి విడుదల చేశాం. మొదటి ఫైలు తెరిస్తే పైన లైసెన్సు, దాని కింద పేర్లు. దివాకర్ చెప్పినట్టే చేశాడు, రెండు ఓడరేవులకు వేరే లైసెన్సు అమ్మాడు. రెండుసార్లూ ఒప్పుదలకు వేలం షెడ్డులో కూర్చుని ముసలివాళ్ళతో టీలు తాగాడు. ఇప్పుడు వాడికి పెద్దవల లాగడం కూడా వచ్చు.

ఒకరోజు మధ్యాహ్నం అయ్య షెడ్డుకు వచ్చి తన పేరు చూపించమన్నాడు. ఆయనకు చదువు రాదు. తెర మీద వేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూశాడు. తర్వాత, తను చెప్పిన అబద్ధం కూడా ఇందులో ఉందా అని అడిగాడు. ఉంది. ఏ మాట ఎప్పుడు ఎవరు చెప్పారో, ఎప్పుడు ఎవరు దిద్దారో చెవి చరిత్ర ఫైలు దాచుకుంటుంది. చోటు పేర్లు అందులో ఉండవు, అవి పేట పెట్టెలోనే ఉంటాయి; రెండు వరసలు చదివి వినిపించాను. తెడ్డు గురువులు, అడుగు బురద. దాని కింద, తెడ్డు గురువులు, అడుగు రాయి. కావాలంటే మొదటి వరస తీసేస్తానన్నాను. నిజం చెప్పాలంటే, తీసేయాలని నాకే ఉంది. ప్రపంచమంతా చూసే ఫైలులో మా అయ్య తప్పు ఎందుకు?

"తియ్యకు," అన్నాడు. "సెప్పినోడూ నానే, దిద్దినోడూ నానే. రెండూ ఉండనీ."

ఉంచేశాను.

ఏడాదికి మాకు మొదటి మార్పు తిరిగి వచ్చింది. ఫిలిప్పీన్స్ దేశంలో ఏదో ద్వీపంలో ఒక జాలరిపేట నుంచి. వాళ్ళ సముద్రపు అడుగున పగడపు దిబ్బలు. పగడం మీద మూలుగు వేరుగా పలుకుతోందని కనిపెట్టి, చెవికి నేర్పి, లైసెన్సు చెప్పినట్టే అందరికీ ఇచ్చారు. మా నలభై ఒక్క పేర్లూ వరస తప్పకుండా ఉన్నాయి. వాటి కింద వాళ్ళ పెద్దల పేర్లు పంతొమ్మిది, నాకు నోరు తిరగని పేర్లు. ఎర్రాజీ ఆ పేర్లు బిగ్గరగా చదవబోయి, నాలుగో దానికే తడబడి నవ్వేశాడు. షెడ్డు నిండా జనం. మా అయ్య ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు, ఆ రోజు చొక్కా కూడా వేసుకొచ్చాడు.

వాళ్ళ చరిత్ర ఫైలు తెరిచాను. పొడవుగా ఉంది, కిందికి దిగుతూ పోతున్నాను. ఒక చోట ఆగిపోయాను. ఒకే మనిషి పేరు మీద, మూడు నెలల తేడాతో రెండు వరసలు. మొదటిది, అడుగు ఇసక. రెండోది, అడుగు పగడం. వాళ్ళు కూడా దేన్నీ తీసెయ్యలేదు.

చదివి వినిపించాను. ముందుగా నవ్వింది మా అయ్య. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆడూ జాలరోడే," అన్నాడు. "మనోడే."